ఖండాల పుట్టుపూర్వోత్తరాలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడితే ఈ హాలులో వినేవారికి కొదవ ఉండదు. ఆ పని మన కార్యదర్శిగారు నాకంటె బాగా చేస్తారు. నాకు అప్పగించిన విషయం వేరు. ప్రపంచంలోని ఖండాలు ఎలా ఏర్పడ్డాయి, వాటిలో దేని ప్రత్యేకత ఏమిటి అన్నది ఈనాటి అంశం. ఇది ఆరో తరగతి భూగోళం కదా, ఈ వయసులో మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అయితే మనలో పెద్దవారు బడికి వెళ్లిన రోజుల్లో ఈ పాఠం ఇప్పుడున్న రూపంలో పుస్తకాల్లో లేదు. ఖండాల పేర్లు, రాజధానులు, నదుల పొడవులు బట్టీ పట్టించేవారు. ఆ ఖండాలు కదులుతున్నాయనే సంగతి శాస్త్రలోకంలో రుజువై నిలబడింది 1960 దశకంలోనే. అది పాఠ్యపుస్తకాలలోకి దిగేసరికి మనం బడి వదిలి ఉద్యోగాలలో, సంసారాలలో పడిపోయాం. అందుచేత మన మనుమలు నేర్చుకొని మనం నేర్చుకోని పాఠాలలో ఇది ఒకటి.

నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ముందే చెబుతాను. మనం నిలబడ్డ ఈ దక్కను నేల ఆసియాలో పుట్టినది కాదు. ఎక్కడో దక్షిణాన, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల పక్కన ఉండి, అక్కడి నుంచి విడివడి, వేల కిలోమీటర్లు ప్రయాణించి ఆసియాతో కలిసింది. ఆ ప్రయాణం ఇంకా ఆగలేదు. మన బొగ్గు, మన వాన, మన భూకంపాలు అన్నీ ఆ ప్రయాణం వల్ల వచ్చినవే.

ఏడు అనే లెక్క

మొదట ఈ ఏడు అనే సంఖ్యను చూద్దాం. ఆసియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, యూరప్, ఆస్ట్రేలియా. మనకు నేర్పినది ఇదే. అయితే అన్ని దేశాలలోనూ ఇలాగే నేర్పరు. యూరప్‌నూ ఆసియానూ కలిపి యురేషియా అని ఒక్కటిగా లెక్కించేవారున్నారు. రెండు అమెరికాలనూ ఒక్క ఖండంగా చెప్పే దేశాలున్నాయి. ఒలింపిక్ జెండా మీద వలయాలు ఐదే.

దీనికి కారణం ఉంది. ఖండం అనే మాటలో సగం చరిత్ర, సగం రాయి. యూరప్, ఆసియాల మధ్య సముద్రం లేదు. రష్యాలోని యూరల్ పర్వతాలను సరిహద్దుగా పెట్టుకున్నది పద్దెనిమిదో శతాబ్దంలో. గ్రీకుల కాలం నుంచీ అవి రెండు వేర్వేరు పేర్లు కాబట్టి రెండు ఖండాలుగా నిలిచాయి. భారతదేశం సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాతి లెక్కన చూస్తే మనది ఆసియా నుంచి వేరైన సొంత ఫలకం. కాని పటం మీద ఆసియాలో ఒక భాగంగా రాసుకొంటున్నాం. ఉపఖండం అనే మాట అందుకు తగినదే.

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం అంటూ మన చిరునామా చెప్పుకోవడం మనకు అలవాటు. పురాణాలలోని ద్వీపాలు కూడా ఏడే. అంతమాత్రాన ఆ ఏడూ ఈ ఏడూ ఒకటేనని ముడిపెట్టనవసరం లేదు. అది వేరే సంప్రదాయం, దాని గౌరవం దానిది. కాని తాను ఎక్కడ నిలబడి ఉన్నానో ముందు చెప్పుకొని తరువాత పని మొదలుపెట్టడం మంచి పద్ధతి. ఈ ప్రసంగం ఉద్దేశం కూడా అదే.

మీగడ కట్టిన నేల

భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. మొదట్లో అది మరిగే ముద్ద. బరువైన ఇనుము, నికెలు లోపలికి దిగిపోయాయి. తేలికైన పదార్థం పైకి తేలింది. పాలు కాగిన తరువాత పైన మీగడ కట్టడం ఇంట్లో రోజూ చూసేదే. ఖండాలు అట్టి మీగడ వంటివి. అయితే ఇది ఒక్కసారిగా కట్టినది కాదు. లోపలి రాయి మళ్లీ మళ్లీ కరిగి, అందులో తేలికైన భాగం పైకి వచ్చి, గ్రానైటు వంటి రాళ్లుగా గట్టిపడుతూ, కోట్ల సంవత్సరాలు తరబడి పేరుకొన్నది.

ఖండాల కింది పొర సగటున 35 నుంచి 40 కిలోమీటర్ల మందం. సముద్రాల అడుగున ఉన్నది ఏడు కిలోమీటర్ల పొరే, కాని అది నల్లరాయి, బరువెక్కువ. తేలికగా, మందంగా ఉన్నది ఎత్తుగా తేలుతుంది. పల్చగా, బరువుగా ఉన్నది పల్లంగా ఉంటుంది. పల్లంలోకి నీరు చేరింది. నేల, సముద్రం అని రెండుగా విడిపోవడానికి కారణం ఇంతే.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. బరువైన సముద్రపు పొర అంచుల్లో కిందికి దిగి మళ్లీ భూగర్భంలో కలిసిపోతుంది. అందువల్ల నేటి మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన రాయి దొరకడం అరుదు. ఖండపు రాయి తేలిక గనుక మునగదు, చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కెనడాలో 400 కోట్ల ఏళ్లనాటి రాయి దొరికింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ కొండలలో ఇసుకరేణువంత స్ఫటికాలు 440 కోట్ల ఏళ్ల వయసువి. మన హైదరాబాదులో ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి. కాలనీల కోసం పేల్చివేయగా మిగిలిన ఆ గుండ్లు హిమాలయాలకంటె ఎన్నో రెట్లు పెద్దవి వయసులో. హిమాలయాలు వాటి ముందు నిన్నటి పిల్లలు.

గోండుల పేరు పెట్టుకున్న మహాఖండం

ఖండాలు కలవడం, విడిపోవడం ఒక్కసారి జరిగినది కాదు. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట నేలంతా దాదాపు ఒక్కటిగా ఉండేదని, దానికి రొడీనియా అని పేరు పెట్టారు. ఆ కలయిక కాలంలోనే మన తూర్పు కనుమలు అంటార్కిటికాతో అతుకుపడ్డాయి. విశాఖపట్నం కైలాసగిరి మీదా, సింహాచలం కొండల్లోనూ కనిపించే రాయిని ఖోండలైటు అంటారు. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన మాట అది. ఆ జాతి రాళ్లకు సరిపోలిన రాళ్లు అంటార్కిటికా తూర్పు భాగంలో ఉన్నాయి. వయసూ కలుస్తుంది, అవి ఉడికిన తీరూ కలుస్తుంది.

రొడీనియా చీలిన తరువాత, సుమారు 55 కోట్ల ఏళ్ల కిందటికి దక్షిణాదిన ఇంకొక పెద్ద ఖండం సమకూడింది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మడగాస్కర్, భారతదేశం అందులో ఉన్నాయి. దాని పేరు గోండ్వానా. ఆదిలాబాదు అడవుల్లోనూ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలోనూ ఉన్న గోండుల నేల పేరు అది. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసిన మెడ్లికాట్ మన దేశపు రాతిపొరలకు ఆ పేరు వాడాడు. తరువాత ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు సూయెస్ ఆ పేరునే దక్షిణాది మహాఖండానికి పెట్టాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చెప్పినా మన గోండుల పేరు పలకకుండా పాఠం నడవదు. ఇది మన పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట.

30 కోట్ల ఏళ్ల కిందట ఈ గోండ్వానా దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉంది. మన నేల మీద హిమానీనదాలు పాకాయి. ఒడిశాలోని తాల్చేరు దగ్గర మంచు మోసుకొచ్చి పడవేసిన బండలను 1856లోనే గుర్తించారు. మండుటెండల ఒడిశాలో మంచు గుర్తులేమిటని ఆనాడు ఆశ్చర్యపడ్డారు. మంచు తగ్గిన తరువాత చిత్తడి నేలల్లో దట్టమైన అడవులు పెరిగాయి. వాటిలో ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది గనుక గ్రీకు భాషలో ఆ పేరు. ఆ అడవులే మట్టిలో కప్పబడి బొగ్గయ్యాయి. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ విలియం కింగ్ కనుగొన్న బొగ్గు, మన సింగరేణి బొగ్గు, ఆ గోండ్వానా బొగ్గే. ఈ హాలులో వెలుగుతున్న దీపాలలో కొన్ని ఆనాటి ఆకులు దాచిన ఎండతో వెలుగుతున్నాయని చెప్పవచ్చు.

ఒక సంవత్సరం, రెండు సంఘటనలు

1912 జనవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే ముప్పై ఒక్క ఏళ్ల యువకుడు ఒక సభలో మాట్లాడాడు. ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తరువాత జరిగిపోయాయని ఆయన వాదం. దక్షిణ అమెరికా తూర్పు అంచు, ఆఫ్రికా పడమటి అంచు చింపిన కాగితపు ముక్కల్లా అతుకుతాయి. మెసోసారస్ అనే చిన్న సరీసృపపు అవశేషాలు బ్రెజిల్‌లోనూ, దక్షిణ ఆఫ్రికాలోనూ దొరుకుతాయి. తీరాల్లో తిరిగే ఆ జీవి అట్లాంటిక్ మహాసముద్రం ఈదగలదా? ఇదీ ఆయన ప్రశ్న.

అదే జనవరిలో కెప్టెన్ స్కాట్ దళం దక్షిణ ధ్రువం చేరింది. నార్వే వారు తమకంటె ముందే వచ్చి వెళ్లారని అక్కడ తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఒక హిమానీనదం పక్కన ఆగి వారు రాళ్లు ఏరారు. తరువాత ఆహారం తగ్గింది, ఒంట్లో సత్తువ తగ్గింది, ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు విడిచారు. ఆ ఏడాది నవంబరులో వెదికేవారికి గుడారం కనిపించింది. మృతదేహాల దగ్గర సుమారు 16 కిలోల రాళ్లున్నాయి. బండి లాగలేని దశలో కూడా వాటిని పారవేయలేదు. లండన్‌లో పరీక్షించి చూడగా వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకుల ముద్రలున్నాయి. మన గోదావరి లోయలో బొగ్గుతోపాటు దొరికే ఆకు అది. మంచు తప్ప మరొకటి లేని అంటార్కిటికాలో ఒకప్పుడు అడవులుండేవని, అవి మన అడవులేనని ఆ రాళ్లు చెప్పాయి.

అయినా వెగెనర్ మాటను చాలామంది ఒప్పుకోలేదు. ఇంత బరువైన ఖండాలను కదిపే శక్తి ఏది అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆయన దగ్గర సరైన జవాబు లేదు. 1930 నవంబరులో గ్రీన్‌లాండ్ మంచు మీద, తోటివారికి సరుకులు చేర్చి తిరిగి వస్తూ ఆయన కన్నుమూశాడు. అప్పటికి వయసు 50 ఏళ్లు. తన మాట నెగ్గడం ఆయన చూడలేదు.

సముద్రం అడుగున దొరికిన సాక్ష్యం

జవాబు నేలమీద కాక నీటి అడుగున దొరికింది. 1950 దశకంలో అమెరికాలో మేరీ థార్ప్ అనే ఆమె, బ్రూస్ హీజెన్‌తో కలిసి, ఓడలు పంపిన లోతుల అంకెలను గీతలుగా గీసి సముద్రగర్భపు పటం తయారుచేశారు. ఆ రోజుల్లో ఆడవారిని పరిశోధన ఓడ ఎక్కనిచ్చేవారు కాదు. ఒడ్డున బల్ల దగ్గర కూర్చొనే ఆమె అట్లాంటిక్ నడుమ పొడవాటి పర్వతశ్రేణిని, దాని నడినెత్తిన ఒక చీలికను గుర్తించారు. ఆఫీసులో కూర్చొని అంకెలు కూడిన మనవంటివారికి ఆ పని విలువ తెలుస్తుంది. ఆ శ్రేణి అన్ని మహాసముద్రాలలోనూ కలుపుకొని సుమారు 65 వేల కిలోమీటర్లుంటుందని తరువాత తేలింది.

ఆ చీలికలో నుంచి కరిగిన రాయి పైకి వచ్చి, గట్టిపడి, రెండు పక్కలకూ జరుగుతూ ఉంటుంది. కొత్త నేల పుట్టినకొద్దీ పాత నేల దూరం జరుగుతుంది. 1962లో హ్యారీ హెస్ ఈ మాట చెప్పాడు. 1963లో వైన్, మాథ్యూస్ అనే ఇద్దరు ఆ రాళ్లలోని అయస్కాంత గుర్తులు శ్రేణికి ఇరువైపులా ఒకే వరుసలో ఎలా వస్తాయో వివరించారు. కాబట్టి ఖండాలు సముద్రాన్ని చీల్చుకొని పోవడం లేదు. నేలా, సముద్రపు అడుగూ కలిసి పెద్ద పలకలుగా, అంటే ఫలకాలుగా, కింది వేడి పొర మీద కదులుతున్నాయి. లోపలి వేడి, అంచుల్లో బరువుగా దిగిపోయే పలక లాగే లాగుడు వాటిని నడుపుతున్నాయి. వెగెనర్ చూపలేకపోయిన శక్తి ఇదే.

మన నేల చేసిన ప్రయాణం

సుమారు 33 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా ఉత్తరాది ఖండాలతో కలిసి పాంజియా అనే ఒకే ఖండమైంది. 20 కోట్ల ఏళ్ల కిందట అది చీలడం ఆరంభించింది. మన భాగం అంటార్కిటికా నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. ఆ ఎడంలోనే బంగాళాఖాతం పుట్టింది. మచిలీపట్నం, కాకినాడ ఒడ్డున మనం చూసే సముద్రం ఆ విడాకుల జ్ఞాపకం. ఆ అంచున కుంగిన లోతుల్లో పేరుకొన్న మట్టిలోనే నేటి కృష్ణా–గోదావరి బేసిన్ చమురు, గ్యాసు ఉన్నాయి. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ కూడా విడిపోయింది. ఇక మనది ఒంటరి ప్రయాణం.

దారిలో ఇంకొక పెద్ద సంఘటన జరిగింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి వైపు భూమి పగిలి లావా వరదలా పారింది. మహారాష్ట్రను కప్పిన నల్లరాతి మెట్ల భూములు దానివల్ల వచ్చినవే. ఆ లావా రాజమహేంద్రవరం దాకా వచ్చింది. కాతేరు దగ్గరా, కొవ్వూరు పక్కన పంగిడి దగ్గరా ఉన్న నల్లరాయి అదే కుటుంబానిదని పరీక్షల్లో తేలింది. సుమారు వెయ్యి కిలోమీటర్లు పారిన లావా అన్నమాట.

ఈ ప్రయాణంలో ఒక దశలో మన నేల ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొన్నది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం నలిగి పైకి లేచింది. మన ఇళ్లలో పూజించే సాలగ్రామాలు నేపాల్‌లోని గండకి నదిలో దొరుకుతాయి. వాటిలోని చక్రాలు అమ్మోనైటులనే సముద్రజీవుల గవ్వల ముద్రలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హిమాలయపు నదిలో సముద్రజీవి ఎలా వచ్చిందంటే, ఆ కొండలే ఒకప్పుడు సముద్రపు అడుగు గనుక. ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయి కూడా సముద్రంలో పుట్టినదే. భక్తికి భంగం లేకుండానే ఈ సంగతి మనుమలకు చెప్పవచ్చు.

ఇప్పటికీ మన ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. మనలో 33 ఏళ్లు పూర్తి సర్వీసు చేసినవారున్నారు. ఒకే కుర్చీలో కూర్చొని, ఒక్క బదిలీ కూడా లేకుండా పనిచేశామని చెప్పుకొనేవారు సైతం, చేరిన రోజుకూ రిటైరైన రోజుకూ మధ్య సుమారు 165 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఐదంగుళాలు ఈశాన్యానికి బదిలీ అయ్యారు. ప్రయాణ భత్యం మాత్రం రాలేదు.

ఏ ఖండం ఎటువంటిది

ఇక పోలికలు చూద్దాం. భూమి ఉపరితలంలో నేల 29 శాతం మాత్రమే. అందులో ఆసియా సుమారు 4.46 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 3.03 కోట్లు, ఉత్తర అమెరికా 2.47 కోట్లు, దక్షిణ అమెరికా 1.78 కోట్లు, అంటార్కిటికా 1.42 కోట్లు, యూరప్ 1.02 కోట్లు, ఆస్ట్రేలియా 77 లక్షలు.

గోడకు వేలాడే పటాన్ని నమ్మి పోలికలు చూడరాదు. చాలా పటాలలో ఉత్తరాది నేలలు ఉన్నదానికంటె పెద్దవిగా కనిపిస్తాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకు సాటి వచ్చేటట్లు ఉంటుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. భారత్, చైనా, అమెరికా సంయుక్త రాష్ట్రాలు మూడూ కలిపి ఆఫ్రికాలో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది.

ఆసియా అన్నిటా పెద్దన్నగారు. ప్రపంచపు ఎత్తైన శిఖరం ఎవరెస్టు (8,848.86 మీటర్లు), నేలమీది మిక్కిలి పల్లం మృతసముద్రపు ఒడ్డు (సముద్రమట్టానికి సుమారు 430 మీటర్ల దిగువ) రెండూ ఇక్కడివే. లోకంలోని ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు ఆసియావారు. ఈ ఖండం అనేక ముక్కలు అతికి తయారైనది. సైబీరియా, చైనా, అరేబియా, భారతదేశం వేర్వేరు కాలాల్లో వచ్చి చేరిన బంధువులు. ఉమ్మడి కుటుంబం వంటిది. పెద్ద ఇంట్లో చప్పుళ్లు ఎక్కువైనట్లే భూకంపాలూ ఎక్కువ.

ఆఫ్రికా గోండ్వానాకు నడుమ ఉండిన నేల. మిగిలినవారంతా దాని నుంచి విడిపోయినవారే. మనిషి పుట్టిల్లు కూడా అదే. ఇప్పుడు అదీ చీలుతోంది. 2005 సెప్టెంబరులో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 60 కిలోమీటర్ల పొడవున భూమి విచ్చుకొని, కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా ఎడమైంది. కోట్ల ఏళ్లకు అక్కడ సముద్రం రావచ్చు. జనం వయసులో చూస్తే ఆఫ్రికా అతి చిన్నది. అక్కడివారిలో సగంమంది ఇరవై ఏళ్లలోపువారు. యూరప్‌లో ఆ మధ్యవయసు నలభై దాటింది. పింఛన్ల భారం గురించి ఆ ప్రభుత్వాలు అంతగా తల పట్టుకోవడానికి కారణం అదే.

ఉత్తర అమెరికాకు కెనడా రాతినేల పునాది. దక్షిణ అమెరికాకు ఆండీస్ పర్వతాలు వెన్నెముక. సముద్రపు పలక ఖండం కిందికి దిగడం వల్ల లేచిన కొండలవి, సుమారు 7 వేల కిలోమీటర్ల వరుస. ఈ రెండు అమెరికాలనూ కలిపే పనామా నేల పూర్తయింది సుమారు 30 లక్షల ఏళ్ల కిందటే. యూరప్ చిన్నదైనా తీరం ఎక్కువ, పల్లపు మైదానాలు ఎక్కువ. అట్లాంటిక్ ఏటా రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పవుతున్నది గనుక అమెరికాలో పిల్లలున్నవారు లండన్ మీదుగా వెళ్లే దారి కొంచెం కొంచెంగా పెరుగుతున్నట్లే.

ఆస్ట్రేలియా అన్నిటికంటె చదునైనది. చాలాకాలంగా కొండలు లేపే ఒత్తిడి లేక అరిగిపోయింది. ఎత్తైన శిఖరం కోషియుస్కో 2,228 మీటర్లు మాత్రమే. అయితే కదలికలో దానిది ముందు వరుస. ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతుంది. 1994లో స్థిరపరచిన అక్షాంశ రేఖాంశాల లెక్కకూ అసలు నేలకూ 2020 నాటికి 1.8 మీటర్ల తేడా వచ్చి, అక్కడి ప్రభుత్వం లెక్కను మార్చుకోవలసి వచ్చింది. సర్వే శాఖలో, రెవెన్యూలో పనిచేసిన మిత్రులు దీన్ని ఊహించుకోండి. గట్టు జరపలేదు, రాయి పీకలేదు, ఊరంతా కలిసి జరిగింది.

చివరిది అంటార్కిటికా. దానికి ప్రభుత్వం లేదు, స్థిర నివాసులు లేరు, కాబట్టి పింఛనుదారులు లేని ఖండం అదొక్కటే. సగటు ఎత్తు 2 వేల మీటర్లకు పైగా ఉండి, అన్నిటికంటె ఎత్తైన ఖండం. ఆ ఎత్తులో ఎక్కువ భాగం మంచే, సుమారు 2 కిలోమీటర్ల మందం. ఆ మంచంతా కరిగితే ప్రపంచమంతటా సముద్రమట్టం 58 మీటర్లు పెరుగుతుందని అంచనా. అంతా కరగడం నేడో రేపో జరిగేది కాదు. కాని అందులో కొద్ది పాలు కరిగినా కోనసీమ వంటి పల్లపు డెల్టాలకు ప్రమాదమే. 2012లో మన దేశం అక్కడ భారతి అనే పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. తూర్పు అంటార్కిటికాలో, ఒకప్పుడు మన తూర్పు తీరానికి ఆనుకొని ఉండినదని భావించే తీరంలో ఉంది అది. 13 కోట్ల ఏళ్ల తరువాత పుట్టింటివారి ఇంట్లో ఒక గది తీసుకున్నట్లు.

మనకు దీనివల్ల పని ఏమిటి

ఇంతవరకు వినడానికి బాగుంది, మనకు దీనితో పని ఏమిటి అని అడగవచ్చు. పని ఉంది.

మొదటిది వాన. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి లేకపోతే నైరుతి రుతుపవనాలు ఇప్పుడున్నంత బలంగా ఉండవు. మన నేల వెళ్లి ఢీకొన్న దెబ్బకు లేచిన కొండలే మన వ్యవసాయానికి అండ.

రెండవది భూకంపం. దక్కను పీఠభూమి కదలని గట్టినేల, మనకు భయం లేదు అని పూర్వం అనుకొనేవారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు ప్రాంతంలో ఆ నమ్మకం కూలింది. వినాయక నిమజ్జనం చేసుకొని వచ్చి నిద్రపోయినవారిలో సుమారు పదివేలమంది చనిపోయారు. తీవ్రత 6.2 మాత్రమే. చంపినది కంపం కంటె ముఖ్యంగా ఇళ్లు. బురదతో పేర్చిన బరువైన రాతిగోడలు నిద్రలో ఉన్నవారి మీద పడ్డాయి.

మన గోదావరి లోయ సంగతి వేరుగా చెప్పాలి. గోండ్వానా నేల సాగి కుంగినచోట ఏర్పడిన పాత పగులు అది. బొగ్గు అందుకే అక్కడ ఉంది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి, హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం ఆ లోయలోని పొరలదే. పాత పగుళ్లు ఒత్తిడి వచ్చినప్పుడు మళ్లీ కదలవచ్చు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినదాన్ని హైదరాబాదులో కూడా చాలామంది గుర్తించారు.

భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మనలో చాలామంది రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టుకుంటారు, లేదా అపార్టుమెంటు కొంటారు. జీవితంలో ఒక్కసారి చేసే ఖర్చు అది. గుమ్మం వాస్తు ఎంత శ్రద్ధగా చూస్తామో, పునాది మీద ప్లింత్ బీము, కిటికీల పైన నాలుగు గోడలనూ చుట్టివచ్చే లింటెల్ బీము ఉన్నాయా లేదా కూడా అంత శ్రద్ధగా చూడండి. అపార్టుమెంటయితే కింద కార్ల కోసం గోడలు లేకుండా వదిలిన అంతస్తులో పిల్లర్లు తగినంత బలంగా ఉన్నాయా అని ఇంజినీరును అడగండి. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో కూలిన భవనాలలో అటువంటివి చాలా ఉన్నాయి. కట్టేటప్పుడు ఈ జాగ్రత్తకు అయ్యే అదనపు ఖర్చు కొద్దిది. కట్టిన తరువాత సరిచేయడం కష్టం. ఇంట్లో బీరువాలు, ఎత్తైన అరలు గోడకు బిగించి ఉంచండి. మంచం మీదికి పడే చోట బరువు వస్తువులు పెట్టవద్దు.

మూడవది సముద్రం. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పలకల అంచు జారి సునామీ వచ్చింది. హిందూ మహాసముద్ర తీరాల్లో రెండు లక్షలమందికి పైగా చనిపోయారు. మన కోస్తాలోనూ వందమందికి పైగా పోయారు. ఆ తరువాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అయినా తీరంలో ఉన్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గి అడుగు కనిపిస్తే, గవ్వలు ఏరుకొనడానికి వెళ్లవద్దు. హెచ్చరిక కోసం ఎదురుచూడక మెరక వైపు పరుగెత్తాలి. కార్తీక స్నానాలకు మనుమలతో బీచికి వెళ్లేవారు ఇది వారికి ముందే చెప్పి ఉంచండి.

నాలుగవది బొగ్గు. కోట్ల ఏళ్లలో తయారైనదాన్ని ఒకటిన్నర శతాబ్దంగా తవ్వి కాలుస్తున్నాం. అది మళ్లీ మన లెక్కలో తయారయ్యేది కాదు. ఇంట్లో దీపం ఆర్పే అలవాటు మన తరానికి పొదుపు కోసం వచ్చింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కారణం కూడా కలిపి చెబితే వారు వింటారు.

ఖండాలు మళ్లీ ఎప్పటికైనా కలుస్తాయా అని ఇందాక ఒక చిరంజీవి నన్ను అడిగాడు. కలుస్తాయి. సుమారు 20, 25 కోట్ల ఏళ్లకు తిరిగి ఒకే ఖండం కావచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. ఏ పక్కనుంచి కలుస్తాయన్న విషయంలో మాత్రం వారిలో ఏకాభిప్రాయం లేదు.

సభ్యులకు నాదొక విన్నపం. ఈ సెలవుల్లో మనుమలను ఒక్కసారి బిర్లా మ్యూజియానికో, దగ్గరలో ఉన్న రాతిగుట్ట దగ్గరికో తీసుకొని వెళ్లండి. ఇంట్లో సాలగ్రామం ఉంటే చూపించండి. వారి పాఠ్యపుస్తకంలోని ఫలకాల పాఠం వారిచేత చదివించుకొని వినండి. మనకు బడిలో అందని పాఠం వారి నోట వినడంలో చిన్నతనమేమీ లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, భోజనాలు సిద్ధమైనట్లున్నాయి.